పొలం మీ పేరున ఉంటే సబ్సిడీ మీదేనా?

ఉత్తరం:

"మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా ఆయన, ఆయన స్నేహితులు ముగ్గురు కలిసి ఎల్‌ఎల్‌సీ (వాటాలతో చిన్న కంపెనీ) పెట్టి లబ్బక్ దాటాక ఒక చిన్న కౌంటీలో 320 ఎకరాల పత్తి పొలం కొనబోతున్నారు. బోర్లు లేవు, వానాధారం. 'ఏటా గవర్నమెంటు సబ్సిడీ పడుతుంది, మీరేం చేయక్కర్లేదు' అని ఏజెంటు చెప్పాడు. ఆ కౌంటీలో ఎవరికి ఎంత ముట్టిందో పేర్లతో ఉన్న జాబితా కూడా చూపించాడు. కొన్ని పేర్ల ఎదురుగా లక్షల డాలర్లున్నాయి. ఇప్పుడు ఆ పొలాన్ని అరవై ఐదేళ్ల రైతు ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. ఏడాదికి ఇంతని నగదు ఇస్తాడు, సబ్సిడీ ఆయనకే వెళ్తోంది. 'కొన్నాక కౌలు కాగితం మార్చేసి సబ్సిడీ మన పేరున రాయించుకుందాం' అంటున్నాడు ఒక స్నేహితుడు. నలుగురిలో ఒకరు సిటిజన్, మా ఆయనకు గ్రీన్‌కార్డు ఉంది, మిగతా ఇద్దరూ హెచ్‌1బీ. జనగామ దగ్గర మా మామగారి ఆరెకరాలు కూడా కౌలుకే ఇచ్చాం, రైతు భరోసా మామగారి ఖాతాలోనే పడుతుంది, ఇదంతా మామూలే అంటారు మా ఆయన. నాకెందుకో మనసొప్పడం లేదు. ఆ ముసలాయన ముఖం గుర్తొస్తే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు? నా పేరు వేయకండి."

సమాధానం:

పేరు వద్దన్నారు కాబట్టి చెల్లెమ్మా అని పిలుస్తాను. మీ మనసు ఒప్పుకోకపోవడం సరైనదే. మీరు దయ వల్ల అలా అనుకుంటున్నారని మీ ఆయన అనుకోవచ్చు, కానీ అమెరికా చట్టం కూడా మీ వైపే ఉంది. నగదు కౌలుకు ఇచ్చిన పొలం మీద వచ్చే పంట సబ్సిడీ భూమి యజమానిది కాదు, సాగు చేసే రైతుది. ముందు ఈ మాట మీ ఇంట్లో నలుగురూ కూర్చున్నప్పుడు గట్టిగా చెప్పండి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఏజెంటు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది, అందుకే అది నమ్మాలనిపిస్తుంది. అమెరికాలో పాత పొలాలకు 'బేస్ ఎకరాలు' అని ఒక లెక్క ఉంటుంది. ఆ భూమిలో గతంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారో చూసి ప్రభుత్వం రాసిపెట్టిన అంకె అది. ఈ ఏడాది ఏం వేశారన్నదానితో దానికి సంబంధం లేదు. భూమి చేతులు మారితే బేస్ ఎకరాలు కూడా భూమితోపాటే వస్తాయి. ఏజెంటు దీన్ని పట్టుకునే 'సబ్సిడీ పొలంతో వస్తుంది' అన్నాడు. లెక్క పొలంతో వస్తుంది నిజమే. డబ్బు మాత్రం ఆ ఏడాది పంట నష్టపోతే ఎవరి ఇంట్లో లోటు పడుతుందో వాళ్లకు వెళ్తుంది.

డబ్బు ఎలా వస్తుందో ఒకసారి చూద్దాం. 'ప్రైస్ లాస్ కవరేజ్' అని ఒక పథకం ఉంది, అందరూ పీఎల్‌సీ అంటారు. గింజ తీయని పత్తికి పౌనుకు ఇంత అని చట్టంలోనే ఒక ధర రాసి ఉంటుంది. 2018 నుంచి అది 36.7 సెంట్లు. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టంతో, 2025 పంట నుంచి 42 సెంట్లయింది. దేశం మొత్తం మీద ఆ పంట ఏడాదిలో సగటు ధర అంతకంటే తగ్గితే ఆ తేడా ఇస్తారు. పెరిగితే సున్నా. పంట సబ్సిడీల్లో ఏటా ఖాయంగా పడే డబ్బు లేదు. అలాంటివి ఒకప్పుడు 'డైరెక్ట్ పేమెంట్లు' అని ఉండేవి, 2014 వ్యవసాయ చట్టం వాటిని ఎత్తేసింది. మీ ఏజెంటు ఇంకా ఆ రోజుల మాటే చెబుతున్నట్టుంది.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఇవి నేను ఊహించి పెట్టిన అంకెలు, మీ పొలానివి కావు. 320 ఎకరాల్లో 200 బేస్ ఎకరాలు ఉన్నాయనుకోండి. రికార్డులో ఎకరానికి 700 పౌన్ల దిగుబడి రాసి ఉందనుకోండి. సగటు ధర 36 సెంట్లు పలికితే తేడా 6 సెంట్లు, ఎకరానికి 42 డాలర్లు. బేస్ ఎకరాల్లో 85 శాతానికే ఇస్తారు కాబట్టి 170 ఎకరాలకు 7,140 డాలర్లు. ఫెడరల్ బడ్జెట్ కోతలో 5.7 శాతం పోతే చేతికొచ్చేది 6,733. నలుగురు పంచుకుంటే తలా 1,683. అదీ పంట కోసిన మరుసటి ఏడాది అక్టోబరు తర్వాత. ధర 42 సెంట్లు దాటిన ఏడాది ఇది కూడా లేదు. 320 ఎకరాలకు మీరు పెట్టే పెట్టుబడి పక్కన ఈ అంకె పెట్టి చూడండి. దీని కోసమా ఆ రైతుతో గొడవ?

దీనికి తోడు 'ఏఆర్‌సీ' అని ఇంకో పథకం ఉంది. దాంట్లో చెల్లింపు కౌంటీని బట్టి ఉంటుంది. కౌంటీ మొత్తం మీద ఎకరానికి వచ్చిన రాబడి, పాత సగటులో 90 శాతం కంటే తగ్గితే కౌంటీలో ఆ పథకం ఎంచుకున్న వాళ్లందరికీ ఒకే రేటున ఇస్తారు. మీ చేను బాగా పండినా ఇస్తారు. మీ చేను ఒక్కటే పోయి కౌంటీ అంతా పండితే ఇవ్వరు. పీఎల్‌సీ, ఏఆర్‌సీల్లో ఒకటి ఎంచుకోవాలి, 2025 పంటకు మాత్రం రెండింట్లో ఏది ఎక్కువైతే అది ఇస్తామన్నారు.

ఆ జాబితా సంగతి. ప్రజల డబ్బు కాబట్టి ఎవరికి ఎంత వెళ్లిందో అక్కడ ఎవరైనా చూడొచ్చు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి లెక్కలు కూడగట్టి కౌంటీల వారీగా పెడుతోంది. అది మంచి పని, మన దగ్గర కూడా ఇంత సులువుగా దొరకాలని నా కోరిక. కానీ దాన్ని చదవడం తెలియాలి. పేరు ఎదురుగా కనిపించే పెద్ద అంకె చాలాసార్లు ఇరవై, ముప్పై ఏళ్ల మొత్తం. అందులో ధర తేడా డబ్బు ఒక్కటే ఉండదు. కరవు సాయం ఉంటుంది, భూమిని బీడు పెట్టినందుకు ఇచ్చేది ఉంటుంది, 2018, 2019లలో చైనాతో సుంకాల గొడవ వచ్చినప్పుడు రైతులకు పంచిన సుమారు 2,300 కోట్ల డాలర్లలో వాటా ఉంటుంది, కరోనా ఏడాది సాయం ఉంటుంది. పైగా పెద్ద మొత్తాలున్న వాళ్లు వేల ఎకరాలు దున్నేవాళ్లు. పొలం కొని ఫ్రిస్కోలో కూర్చున్న వాళ్లకు ఆ అంకెలు రావు.

ఇక అసలు చిక్కు కౌలు కాగితం. మన ఊళ్లలో ఉన్నట్టే అక్కడ కూడా రెండు రకాల కౌలు ఉంది. ఒకటి నగదు కౌలు, మన గుత్త లాంటిది. పండినా ఎండినా ఎకరానికి ఇంతని యజమానికి వస్తుంది. రెండోది పాలుకు ఇవ్వడం. పంటలో యజమానికి ఒక వాటా, ఆ ప్రాంతంలో పత్తికైతే నాలుగో వంతు అన్నది పాత ఆనవాయితీ. నగదు కౌలైతే నష్టభయం అంతా రైతుది, కాబట్టి పీఎల్‌సీ, ఏఆర్‌సీ డబ్బు మొత్తం రైతుకే. పాలుకిస్తే పంటలో ఎవరి వాటా ఎంతో సబ్సిడీలోనూ వాళ్లకు అంతే. నాలుగో వంతు కావాలంటే పంట ఎండిన ఏడాది నాలుగో వంతు నష్టం కూడా మీరు మోయాలి. నగదు కౌలూ కావాలి, సబ్సిడీ కూడా కావాలి అంటే ఆ చట్టంలో దారి లేదు.

మీ స్నేహితుడు చెప్పిన 'కాగితం మార్చేద్దాం' ఏ రకమో నాకు సరిగ్గా తెలియలేదు. నిజంగా పాలుకు మార్చి, నష్టంలో కూడా వాటా పంచుకుంటామంటే అది న్యాయమైన బేరమే, రైతు ఒప్పుకుంటే. కాగితం మీద పాలు అని రాసి లోపల్లోపల నగదు తీసుకుందామంటే మాత్రం అది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం. పథకం నుంచి డబ్బు రాబట్టడానికి వేసిన ఎత్తు అని తేలితే ఆ ఏడాది, తర్వాతి ఏడాది చెల్లింపులు పోతాయి. మోసం అని తేలితే ఐదేళ్ల దాకా అనర్హులు. తీసుకున్నది వెనక్కి కట్టాలి. కౌలుదారుకు రావలసిన దాన్ని తప్పించడానికి యజమాని ఎత్తులు వేస్తే చెల్లింపు ఆపే నిబంధన విడిగా ఉంది.

ఆ నిబంధన ఎందుకు పుట్టిందో చెప్తాను, ఇది నాకు చాలా ముఖ్యం. అమెరికాలో ఈ సబ్సిడీలన్నిటికీ మొదలు 1933. పత్తి ధర పడిపోయి ఊళ్లకు ఊళ్లు చితికిపోతుంటే, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం పెరుగుతున్న పైరును దున్నేస్తే డబ్బిస్తామంది. ఆ వేసవిలో సుమారు కోటి ఎకరాల పత్తి దున్నేశారు. డబ్బు భూస్వాముల చేతికి వెళ్లింది. కింద పాలుకు చేసేవాళ్లకు వాటా ఇవ్వాలని రాసి ఉన్నా చాలామందికి ముట్టలేదు. పైగా సాగు తగ్గించారు కాబట్టి ఇక మీరు అక్కర్లేదని వేలాది కుటుంబాలను పొలాల నుంచి వెళ్లగొట్టారు. ఆర్కెన్సా రాష్ట్రంలో టైరాంజా అనే చిన్న ఊరిలో 1934 జులైలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చుని కౌలు రైతుల సంఘం పెట్టుకున్నారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడమే నేరంగా చూసే రోజులవి. కౌలుదారు వాటా కాపాడే మాట ఈ చట్టాల్లో గట్టిగా నిలబడటం వెనుక వాళ్లు పడ్డ కష్టం ఉంది. మీ స్నేహితుడు ఒక చిన్న కాగితం మార్పు అనుకుంటున్నది తొంభై ఏళ్ల కిందట భూస్వాములు చేసిన పనే.

ఇప్పుడు మీ నలుగురిలో ఇద్దరి వీసా సంగతి. దీని గురించి ఏజెంటు చెప్పి ఉండడు, నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే. ఈ పథకాల్లో పౌరుడు గానీ గ్రీన్‌కార్డు ఉన్న వ్యక్తి గానీ కాకపోతే 'విదేశీ వ్యక్తి' కిందే లెక్క. విదేశీ వ్యక్తి చెల్లింపు పొందాలంటే భూమి, పెట్టుబడితోపాటు సొంత ఒంటి కష్టం కూడా గణనీయంగా పెట్టాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు వీసా ఇప్పించిన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు కదా. పొలంలో ట్రాక్టరు నడిపామని రాస్తే వీసాకు చిక్కు, నడపలేదంటే సబ్సిడీకి అనర్హత. ఇక ఎల్‌ఎల్‌సీలో 10 శాతం మించి విదేశీ వాటా ఉంటే ఆ సంస్థనే విదేశీ సంస్థగా చూస్తారు. మీ దాంట్లో సగం అదే. పౌరులు, గ్రీన్‌కార్డు వాళ్ల వాటా మేరకు ఇవ్వమని విడిగా రాతపూర్వకంగా అడగొచ్చు, అడగకుండా మాత్రం రాదు.

సబ్సిడీ వద్దనుకున్నా ఇంకొకటి మాత్రం తప్పించుకోలేరు. 1978లో వచ్చిన ఒక చట్టం ప్రకారం విదేశీ వ్యక్తులకు వాటా ఉన్న సంస్థ వ్యవసాయ భూమి కొంటే 90 రోజుల్లో వ్యవసాయ శాఖకు తెలపాలి. ఫారం పేరు ఎఫ్‌ఎస్‌ఏ-153. తెలపకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా వెళ్లొచ్చు. హెచ్‌1బీ వాళ్లకు ఇది వర్తిస్తుందని మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. డాలస్, హ్యూస్టన్ చుట్టూ పది మంది కలిసి భూములు కొనేవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు, దయచేసి మీ వాట్సాప్ గ్రూపులో ఈ ఒక్క ముక్క చెప్పండి. టెక్సస్‌లో 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన విదేశీ భూకొనుగోలు నిషేధం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాల గురించి, మన దేశం అందులో లేదు. అది విని కొందరు భయపడుతున్నారు, ఆ భయం అక్కర్లేదు. 153 ఫారం మాత్రం నింపాలి. సంతకాలు పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయరు ఒకరిని, వ్యవసాయ భూములు తెలిసిన టెక్సస్ లాయరు ఒకరిని అడగండి, ఒకే లాయరుకు రెండూ తెలియడం అరుదు.

మీ ఆయనకు ఇంకో మాట కూడా చెప్పండి. సబ్సిడీ రైతుకు వెళ్తే యజమానికి ఏమీ మిగలదనుకోవద్దు. మంచి బేస్ ఎకరాలున్న పొలానికి కౌలు ఎక్కువ పలుకుతుంది, అమ్మకం ధర కూడా ఎక్కువే పలుకుతుంది. అంటే ఈ పొలానికి మీరు ఇవ్వబోయే రేటులో సబ్సిడీ విలువ కొంత ముందే కలిసి ఉంది, అది అమ్మేవాడి జేబులోకి వెళ్తోంది. కొన్నాక రైతు దగ్గర లాక్కుని దాన్ని తిరిగి రాబట్టుకోవాలని చూడటం కంటే కొనేటప్పుడే ధర దగ్గర బేరమాడండి.

పంట బీమా కూడా ఇలాగే. ప్రీమియంలో సగటున 60 శాతం పైన ప్రభుత్వమే కడుతుంది, వానాధారపు పత్తికి ఆ బీమాయే ప్రాణాధారం. నగదు కౌలులో బీమా రైతు పేరునే ఉంటుంది. పొలంలో కొంత భాగం బీడు పథకం కింద, అంటే 1985లో మొదలైన సీఆర్‌పీ ఒప్పందంలో ఉందేమో తప్పకుండా అడగండి. అది 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందం. కొన్నవాళ్లు అందులో సంతకం పెట్టి చేరకపోతే రద్దయిపోయి పాత డబ్బు వెనక్కి కట్టే పరిస్థితి వస్తుంది, అది ఎవరు కట్టాలన్నది అమ్మకం కాగితంలోనే తేలాలి. ఏజెంటు 'ట్యాక్స్ మినహాయింపు' అని కూడా అంటే అది సబ్సిడీ కాదు, టెక్సస్‌లో సాగు భూమికి తక్కువ విలువ కట్టి ఆస్తిపన్ను వేసే పద్ధతి. సాగు ఆపి ఇళ్ల స్థలాలు చేస్తే వెనకటి మూడేళ్ల తేడా కట్టాలి. ఆ రైతు సాగు చేస్తూ ఉంటేనే ఆ లాభం మీకు నిలుస్తుంది. ఇది మీ ఆయనకు గుర్తుచేయండి.

ఇప్పుడు జనగామ. 'ఇది మామూలే' అన్నమాట దగ్గర నేను కాసేపు ఆగాలి.

మా నాన్న గుంటూరు జిల్లాలో కౌలు రైతు. సొంతానికి అరెకరం, కౌలుకు మూడెకరాలు. ఒక తుఫాను ఏడాది పంట నీళ్లపాలైతే పరిహారం ఆసామి పేరున వచ్చింది. ఆసామి మంచి మనిషి, పిలిచి సగం ఇచ్చాడు. నాన్న ఆ డబ్బు రెండు చేతులతో పుచ్చుకుని దండం పెట్టాడు. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. పోయిన పంట మాది, అప్పు మాది, దండం ఎందుకు పెట్టాలో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ కౌలు రైతు గురించి ఏది రాసినా ఆ రెండు చేతులే గుర్తొస్తాయి.

తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000 అయింది. 2025 జనవరి నుంచి రైతు భరోసా పేరుతో పంటకు 6,000, ఏడాదికి 12,000. పెట్టుబడి సాయం అనే ఇచ్చారు, కానీ పట్టాదారు పాస్‌పుస్తకం ఉన్నవాళ్లకే ఇచ్చారు. విత్తనం, ఎరువు, కూలీ ఖర్చు పెట్టేది కౌలు రైతైనా డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలిచ్చే రైతుబీమా కూడా అంతే, కౌలు రైతుకు లేదు. ఆంధ్రలో 2019 చట్టం కింద 11 నెలలకు సాగుదారు పత్రం ఇస్తారు, కానీ దాని మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని భయపడి పెట్టనివాళ్లు ఎక్కువ. ఆ పత్రంతో భూమి హక్కు రాదని చట్టంలోనే ఉంది.

అంటే మీ మామగారు చట్టాన్ని తప్పడం లేదు. చట్టమే అక్కడ అలా ఉంది, టెక్సస్‌లో ఇంకోలా ఉంది. రెండు చోట్లా భూమి మీదే అవుతుంది, రెండు చోట్లా ఎండలో నిలబడేది ఇంకొకరు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తాను: ఆరెకరాలకు ఏడాదికి వచ్చే 72,000 కౌలులో తగ్గించమని మామగారిని అడగండి. మొత్తం కుదరకపోతే సగం. దానం చేస్తున్నట్టు చేతికివ్వొద్దు, కౌలు మాట్లాడుకునేటప్పుడే లెక్కలో తీసేయండి. అప్పుడు ఆయన మీ మామగారికి దండం పెట్టాల్సిన అవసరం ఉండదు.

ఈ రెండు పొలాలకూ ఇంకో చుట్టరికం ఉంది, జనగామ చుట్టుపక్కల వేసేది కూడా పత్తే కదా. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీ వల్ల ప్రపంచ ధర పడిపోతోందని బ్రెజిల్ ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. అందువల్లే 2014 చట్టంలో పత్తిని ఈ పథకాల నుంచి తీసేశారు, ఆ ఏడాది అక్టోబరులో బ్రెజిల్‌కు 30 కోట్ల డాలర్లిచ్చి రాజీ పడ్డారు. 2018లో 'గింజ తీయని పత్తి' అన్న పేరుతో మళ్లీ చేర్చారు. మన దగ్గర 2025 ఆగస్టులో కేంద్రం దిగుమతి పత్తి మీదున్న 11 శాతం సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసింది, ముందు సెప్టెంబరు ఆఖరు వరకన్నారు, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా పొడిగించారు. సరిగ్గా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు కొత్త పత్తి వచ్చే నెలలవి. మీ టెక్సస్ పొలంలో పండిన పత్తికి అక్కడ ధర తగ్గితే ప్రభుత్వం తేడా కడుతుంది. జనగామలో మీ కౌలు రైతుకు ధర తగ్గితే కట్టేవాళ్లు లేరు. ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రంలో మద్దతు ధరకు అమ్ముకోవాలంటే పట్టాదారు కాగితం కోసం మళ్లీ మీ మామగారి ఇంటికే రావాలి. ఆ సమయానికి కాగితం అడగకముందే ఇచ్చి పంపమనండి.

కొనుగోలు ఆపేయమని నేను అనను. భూమి మీద ఇష్టం ఉండి, కౌలు ఒక్కటే ఆదాయంగా లెక్కేసుకుని గిట్టుబాటవుతుందంటే కొనండి. సబ్సిడీని మాత్రం మీ లెక్కలో సున్నా అని రాసుకోండి. ఆ తర్వాత కూడా బేరం బాగుంటేనే ముందుకు వెళ్లండి.

ముందు చేయాల్సింది ఒక కాగితం తెప్పించడం. అమ్మేవాళ్లను ఎఫ్‌ఎస్‌ఏ-156ఈజెడ్ అడగండి. ఆ పొలానికి ఏ పంటకు ఎన్ని బేస్ ఎకరాలున్నాయో, ఎంత దిగుబడి రాసి ఉందో అందులో ఉంటుంది. అది చూపించకుండా సబ్సిడీ మాట ఎత్తే ఏజెంటును నమ్మొద్దు. తర్వాత ఆ కౌంటీ పనులు చూసే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఆఫీసుకు స్వయంగా వెళ్లండి. చిన్న ఆఫీసు, ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు, ఓపిగ్గా చెబుతారు. దాని పైన ఆ ప్రాంతపు రైతులే ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. మీ ఎల్‌ఎల్‌సీలో ఎవరి హోదా ఏమిటో దాచకుండా చెప్పి అడగండి. ఫోన్ చేసి వెళ్తే మంచిది, విత్తే రోజుల్లో, ఎకరాల లెక్క రాయించే గడువు రోజుల్లో అక్కడ రద్దీగా ఉంటుంది.

అంతకంటే ముందు ఒక శనివారం మీ ఆయన్ని తీసుకుని ఆ రైతు ఇంటికి వెళ్లండి, ఏజెంటు లేకుండా. లబ్బక్ దాకా ఐదు గంటల పైనే ప్రయాణం, పొద్దున్నే బయల్దేరండి. ఆయన ఎన్నేళ్లుగా చేస్తున్నాడో, ఏ మూల నేల మంచిదో, ఏ మూల వడగళ్లు ఎక్కువ పడతాయో అడగండి. ఇంకా ఎన్నేళ్లు చేయాలనుకుంటున్నాడో, ఆయన తర్వాత చేసేవాళ్లు ఉన్నారో అడగండి. సబ్సిడీ ఆయనదే అని మీరే ముందు చెప్పండి. భూమి చేతులు మారుతోందని తెలిసినప్పటి నుంచి ఆయనకు కూడా నిద్ర ఉండి ఉండదు. కౌలు ఏడాదికేడాది కాకుండా మూడేళ్లకో ఐదేళ్లకో రాసిస్తే ఆయన ధైర్యంగా నేల మీద ఖర్చు పెడతాడు, మీరు ఫ్రిస్కోలో నిశ్చింతగా ఉండొచ్చు.

156ఈజెడ్ కాగితం చేతికొచ్చాక అందులోని బేస్ ఎకరాలు, దిగుబడి అంకెలు నాకు రాసి పంపండి చెల్లెమ్మా. పైన ఊహించి వేసిన లెక్కను మీ పొలం అంకెలతో మళ్లీ వేసి చెప్తాను. జనగామలో మామగారు ఏమన్నారో కూడా రాయండి.